పన్నెండేళ్ళ పిల్ల ఒంటరిగా తొక్కగల దారి

బ్రిటన్‌లో సైకిల్ దారులు వేసేవాళ్ళకి ఒక కొలత ఉంది. దారి ఎంత వెడల్పుండాలి, మలుపు ఎలా తిరగాలి లాంటి లెక్కలు ఎన్నున్నా, చివరికి వాళ్ళు వేసుకునే ప్రశ్న ఒకటే. కాస్త బుద్ధిగా ఉండే పన్నెండేళ్ళ పిల్ల, తోడు ఎవరూ లేకుండా ఈ దారిన వెళ్ళి రాగలదా? వెళ్ళగలిగితే అది మంచి దారి. లేకపోతే బాగుచెయ్యాలి.

ఇది చదివినప్పుడు, ఈ ప్రశ్న వేసింది కచ్చితంగా ఎవరో ఒక అమ్మే అయ్యుంటుంది అనుకున్నాను. కానీ వేసింది దారులు వేసే సంస్థవాళ్ళే. ఈ ప్రశ్న దాకా రావడానికి మాత్రం ఆ దేశానికి వందేళ్ళకు పైనే పట్టింది. ఆ కథ ఇవాళ మీతో చెప్పాలనిపించింది. కాస్త పెద్దదే, కుక్కర్ దింపుకునే వచ్చి కూర్చోండి.

మొదట్లో సైకిలంటే ముందు చక్రం మనిషి ఎత్తు, వెనక చక్రం బుల్లిది. దాని మీంచి పడితే తల పగలాల్సిందే. నేల మీద జీరాడే గౌన్లు వేసుకునే ఆడవాళ్ళకి అది కుదిరే పని కాదు, మూడు చక్రాల బండి తొక్కుకునేవారు. 1885లో కోవెంట్రీ ఊళ్ళో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా, వెనక చక్రానికి గొలుసుతో ఒక సైకిల్ తయారుచేశాడు. ఇప్పుడు మన వరండాలో ఉన్నది దాని మనవరాలే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి నింపిన టైరుకి పేటెంటు తీసుకున్నాడు. అది కూడా కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని చేసిన ప్రయత్నం. పిల్లాడి కోసం చేసిన పని లోకానికంతా పనికొచ్చింది.

అప్పటికి ఇంగ్లండు పల్లె దారులు ఎలా ఉండేవో తెలుసా? దాదాపు ఖాళీ. రైళ్ళు వచ్చాక గుర్రపు బగ్గీల ప్రయాణాలు ఆగిపోయాయి. దారి పక్కన పూటకూళ్ళ సత్రాలన్నీ బోసిపోయాయి. రెండు వైపులా కంచె పొదలు, మధ్యలో సన్నటి బాట, అచ్చం మన డొంకల్లాంటివే. ఆ దారుల్లోకి మళ్ళీ మనుషుల్ని తెచ్చింది సైకిలే. 1878లో హారోగేట్ ఊళ్ళో కొందరు కలిసి సైకిల్ యాత్రికుల క్లబ్బు ఒకటి పెట్టారు. అయిదేళ్ళకి దాని పేరు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా మారింది. ఆ శతాబ్దం ముగిసేసరికి సభ్యులు అరవై వేలు. సైకిల్ మీద వచ్చేవాళ్ళకి తిండి, పడక బాగా దొరుకుతాయనుకున్న సత్రాల గోడకి రెక్కల చక్రం గుర్తు బిగించేవారు. ప్రమాదకరమైన దిగుడు ఉన్నచోట ముందే హెచ్చరిక బోర్డులు పెట్టించేవారు. 1886లో ఇంకో సంఘంతో కలిసి మంచి రోడ్ల కోసం ఉద్యమం కూడా మొదలుపెట్టారు.

మరి ఆడవాళ్ళు? బయల్దేరారు. బయల్దేరిన వాళ్ళకి ఎదురైన సంగతి ఒకటి వినండి. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే పెద్దింటి ఆవిడ సర్రే ప్రాంతంలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, ఆకమ్ అనే పల్లెలో హౌట్‌బాయ్ హోటల్ దగ్గర భోజనానికి ఆగింది. వయసు యాభై దాటింది. ఒంటి మీద వదులు లాగు, పైన కోటు. గౌను చక్రంలో చిక్కుకోకుండా అలాంటి బట్టలే వేసుకోవాలని ఏళ్ళ తరబడి వాదించిన మనిషి. ఆ హోటల్ నడిపే ఆవిడ ఈమెని చూసి, ఈ వేషంతో కాఫీ గదిలోకి రానివ్వనంది. తినాలంటే బారు పక్క గదిలో కూర్చోమంది. అక్కడ మగవాళ్ళు పొగ తాగుతూ, మందు పుచ్చుకుంటూ ఉన్నారు. లేడీ హార్బర్టన్ తినకుండా వెళ్ళిపోయింది. క్లబ్బు ఆవిడ తరఫున కేసు వేసింది. 1899లో తీర్పు వచ్చింది. వేరే గదిలో పెడతానంది కదా, కనుక భోజనం నిరాకరించినట్టు కాదని, కేసు ఓడిపోయింది.

ఆపింది కూడా ఆడమనిషే అన్నది నన్ను కాసేపు కదలనివ్వలేదు. ఇలాంటివి మనకి కొత్తేం కాదులెండి. ఓడినా కేసు గురించి ఊరూరా మాట్లాడుకున్నారు. బట్టల సంగతి మెల్లిగా సర్దుకుంది, లోకానికి అలవాటైంది. తర్వాత వచ్చిన అడ్డు ఏ కోర్టుకీ వెళ్ళి అడిగేది కాదు. అదే మోటారు కారు.

సైకిల్ వాళ్ళు పోరాడి బాగుచేయించుకున్న రోడ్ల మీదకే కార్లు వచ్చాయి. 1934లో లండన్ పక్కన వెస్టర్న్ అవెన్యూ వెంట సైకిళ్ళకి విడిగా బాట వేస్తే, అదే టూరింగ్ క్లబ్బు వద్దంది. ఇవాళ పక్కకి బాట వేస్తారు, రేపు అసలు రోడ్డు మీదకి రావద్దంటారు అని వాళ్ళ భయం. ఆ భయంలో నిజం ఉంది. కానీ రోడ్డు మీద హక్కు నిలబెట్టుకోవడం వేరు, ఆ రోడ్డు మీదకి పిల్లల్ని పంపగలగడం వేరు. 1949లో బ్రిటన్ జనం సైకిల్ మీద తిరిగిన దూరంలో, 1970ల మొదటికి మిగిలింది ఆరో వంతు. ఎవరూ నిషేధించలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో అమ్మ "వద్దులే నాన్నా, లారీలు" అని ఉంటుంది, అంతే.

మళ్ళీ మలుపు తిప్పింది రైలు పట్టాలు. 1963లో బీచింగ్ అనే ఆయన ఇచ్చిన నివేదికతో, నష్టాల్లో ఉన్నాయని వేల మైళ్ళ రైలు మార్గాలు మూసేశారు. పట్టాలు పీకేశాక కట్టలు, వంతెనలు, సొరంగాలు పిచ్చి మొక్కలతో నిండిపోయాయి. 1977లో బ్రిస్టల్ నగరంలో సైకిల్‌బ్యాగ్ అని ఒక చిన్న బృందం పుట్టింది. జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీరు అందులో ముఖ్యుడు. బ్రిస్టల్ నుంచి బాత్ ఊరికి మూసేసిన రైలు కట్ట ఉంది. దాన్ని చదును చేసి సైకిల్ బాట వేద్దామని 1979లో పలుగూ పారా పట్టుకున్నారు. ఎక్కువ మంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే. 1986కి పూర్తయింది. 13 మైళ్ళు, అంటే సుమారు 21 కిలోమీటర్లు.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి రైలు కట్టని వీలైనంత సమంగా వేస్తారు. రైలు ఎక్కగలిగిన వాలు పసిపిల్లల కాళ్ళకీ, అమ్మమ్మల మోకాళ్ళకీ కూడా సుఖమే. ఈ దారిలో స్టేపుల్ హిల్ దగ్గర అరకిలోమీటరుకి కాస్త తక్కువ సొరంగం ఉంటుంది, లోపల దీపాలు పెట్టారు. బిట్టన్ దగ్గర పాత ఆవిరి రైలుని ముచ్చట కోసం ఇంకా నడుపుతున్నారు. పక్కన బాట మీద సైకిళ్ళు, కంచె అవతల పొగ వదులుతూ రైలు!

ఆ బృందమే సస్ట్రాన్స్ అనే సంస్థగా పెరిగింది. 1995లో లాటరీ నిధి నుంచి 4 కోట్ల పౌండ్లకు పైగా వచ్చింది. 2000 సంవత్సరానికల్లా పాత రైలు కట్టలు, కాలవ గట్లు, వాహనాలు తక్కువ తిరిగే పల్లె దారులు అన్నీ కలిపి 5,000 మైళ్ళ జాతీయ సైకిల్ మార్గాల వల తయారైంది. తర్వాత అది మూడింతలు దాటింది. నాకు నచ్చినది దాని తర్వాత సంగతి. 2018లో తమ దారులన్నిటినీ తామే తనిఖీ చేసుకుని, మూడింట ఒక వంతే వాహనాలు లేనివి, చాలా చోట్ల పన్నెండేళ్ళ పిల్లని పంపేలా లేవు అని రాసుకున్నారు. 2020లో దాదాపు పావు వంతు దారుల్ని, ఇవి మా కొలతకి తూగవు అంటూ జాబితాలోంచి తీసేశారు. గొప్ప చెప్పుకోవడానికి పనికొచ్చే అంకెని చేతులారా తగ్గించుకోవడం తేలిక కాదు.

డెర్వ్లా మర్ఫీ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఐర్లండులో లిస్మోర్ ఆవిడది. పదో పుట్టినరోజుకి పాత సైకిలు, అట్లాసు ఇచ్చారట. సైకిల్ మీద ఇండియా వెళ్తానని అప్పుడే అనుకుంది. కానీ తల్లికి కీళ్ళ జబ్బు, మంచానికే పరిమితం. పద్నాలుగేళ్ళకి చదువు మానేసి ఇంట్లో ఉండిపోయింది. ముప్ఫై దాటాక, తల్లి పోయాక, 1963 జనవరి మంచులో బయల్దేరి ఆ వేసవికి ఢిల్లీ చేరింది. దారిలో రక్షణకి పిస్తోలు కూడా పెట్టుకుంది. చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒకప్పుడు వాళ్ళ ఊరి మీదుగా వెళ్ళిన రైలు మార్గం 1967లో మూతపడింది. అందులో వాటర్‌ఫర్డ్ నుంచి డన్‌గార్వన్ దాకా 46 కిలోమీటర్లు 2017లో సైకిల్ బాట అయింది. ఇప్పుడు అక్కడ బామ్మలు మనవలతో తొక్కుకుంటూ పోతున్నారు. పిస్తోలు అక్కర్లేదు, మంచినీళ్ళ సీసా చాలు.

నాకు ఈ చరిత్రలో పట్టుకున్నది ఇదే. ధైర్యవంతుల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. కానీ ఇంటిల్లిపాదీ బయటికి రావాలంటే, ధైర్యం అవసరం లేని దారి ఉండాలి. మా అమ్మ హైస్కూలుకి కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేది. గట్టు మీద ఎదురయ్యేవి గేదెలూ, అరటి గెలల సైకిళ్ళూ. తనని ఎవరూ వీరవనిత అనలేదు, అందరితో పాటు వెళ్ళింది. మా పాపకి ఇప్పుడు పన్నెండు. గేర్ల సైకిల్ కొనిచ్చాం. ట్యూషన్ కిలోమీటరున్నర, మధ్యలో సర్వీసు రోడ్డు ఒకటి దాటాలి. రోజూ వాళ్ళ నాన్న స్కూటర్ మీద దింపుతారు.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల నీడతో. ఒక ఆదివారం వెళ్ళాం. పాప అలా ముందుకి దూసుకుపోతుంటే, "మెల్లిగా" అని అరవాల్సిన పని లేకుండా వెనకాల నేను. ఎన్నాళ్ళయిందో అలా! కాకపోతే అక్కడి దాకా సైకిళ్ళని కారు వెనక కట్టుకుని వెళ్ళాలి. సెలవురోజు సరదాకి అది చక్కటి దారే. సోమవారం ట్యూషన్‌కి వెళ్ళే దారి ఇంకా రావాలి.

బ్రిస్టల్ వాళ్ళు కూడా ఎవరో వేస్తారని కూర్చోలేదు, ఖాళీగా పడి ఉన్న కట్ట ఒకటి చూసుకుని మొదలుపెట్టారు. మన ఊళ్ళలోనూ కాలవ గట్లున్నాయి, చెరువు కట్టలున్నాయి, బండ్లు తిరగని డొంకలున్నాయి. మీ ఇంటి నుంచి బడిదాకా అలాంటిది ఏదైనా ఉందా? ఈసారి కూరలకి వెళ్ళినప్పుడు, పన్నెండేళ్ళ పిల్ల కళ్ళతో ఒక్కసారి దారి చూడండి.