నీటి అడుగునకు ప్రయాణసన్నాహము

బనగానపల్లె ప్రాంతమున కంటికి కనబడు నీటికంటె నేలలోపల దాగిన నీరే అధికము. కొండపొరలలో ఇంకిన వాన యాగంటి కోనేటిలో ఊటయై వెలువడును. మహానందిలో వేసవిని చల్లగను శీతకాలమున గోరువెచ్చగను తోచుచు, అడుగున పడిన నాణెము సైతము కనబడునంత నిర్మలముగ నిలుచును. 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించి వ్రాసిన బెలుం గుహలలో మూడు కిలోమీటర్లకు మించిన బిలమార్గమును తొలిచినదియు నీరే. ఇట్టి సీమయందు పుట్టినవాడు సముద్రగర్భమును చూడగోరుట వింతగా తోచవచ్చును గాని, నీటిలో మునుగు విద్య ఇచ్చట కొత్తది కాదు.

మామిడితోటల నడుమ త్రవ్విన దిగుడుబావులే మా ప్రాంతపు ఈతబడులు. కాయ దింపు వేసవి దినములలో పిల్లవాని నడుమునకు బెండుకట్టయో ఎండిన సొరబుర్రయో బిగించి, తాడు చివర పెద్దవాడొకడు పట్టుకొని, నాపరాతి మెట్టు మీదినుండి వానిని నీటిలోనికి దింపుట పూర్వాచారము. కాళ్లు చేతులు ఆడుట వచ్చినకొలది బెండ్లు తగ్గించుచు పోవుదురు. తుదకు బెండు లేనివాడు అడుగంట మునిగి, పిడికెడు బురద తెచ్చి చూపినప్పుడు గాని వానిని ఈతగాడని ఒప్పుకొనరు. రెండు నిలువుల లోతున చెవులలో పుట్టు పోటును, ముక్కు మూసి గాలిని చెవులకు నెట్టినంతనే అది తీరుటయు వాడు అక్కడనే ఎరుగును. నేటి స్కూబా శిక్షకుడు మొదటి పాఠమున చెప్పునదియు ఇదియే.

ఉష్ణసముద్రములందలి మునుకకు మన దేశమున ప్రాచీనమైన చరిత్ర కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ముత్తెములను పుట్టినచోట్లను బట్టి వింగడించుచు తామ్రపర్ణిని, పాండ్యదేశమును పేర్కొన్నది. ఆ ముత్తెములు పుట్టు మన్నారు సింధుశాఖ తీరమునకు 16వ శతాబ్దమున తెలుగు నాయకులు విజయనగర ప్రతినిధులై మధురలో ప్రభువులైరి. ముత్తెముల వేటలో వారి భాగమును రాళ్లతో లెక్కించెడివారు. ఒక రాయి యనగా ఒక మునుగువానిని దింపు హక్కు. పదిహేను కిలోలవరకు తూగు రాతిని తాటికి కట్టి పడవప్రక్క వ్రేలాడదీయగా, మునుగువాడు దానిపై పాదము మోపి, ఒక చేత ముక్కు మూసుకొని, ఎనిమిది పది బారల లోతునకు క్షణములలో దిగిపోయెడివాడు. నిమిషమునకు అటునిటుగా ముత్తెపుచిప్పలను వలబుట్టలోనికి ఏరుకొని తాడు లాగగనే, పడవమీది తోడుగాడు పైకి చేదెడివాడు. మార్చి, ఏప్రిల్ మాసములలో, నైరుతి గాలులు రేగకమునుపే ఈ వేట ముగియవలసియుండెను. సొరచేపల నోరు మంత్రముతో కట్టువారికి వేటలో వాటా ఇచ్చెడివారని మార్కో పోలో వ్రాసెను. దీనిని మూఢత్వమని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. ప్రాణముపై ఆశ వదలుకొని దిగువానికి ధైర్యమును కల్పించినది ఏదియైనను అది వాని పనిముట్టే.

అయినను ఆ వీరులకు లేనిది చూపు. నీరు కనుగ్రుడ్డును నేరుగ తాకినప్పుడు కిరణములు సరిగా వంగవు, సమస్తమును మసకబారును; కంటిముందు గాలిపొర నిలిపిననాడే లోకము తేటపడును. కావుననే యాత్రికుని మూటలో మొదట చేరవలసినది మాస్కు. పట్టీ తగిలింపక ముఖమునకు ఆనించి ముక్కుతో గాలి పీల్చినప్పుడు జారక నిలిచినదే తన ముఖమునకు తగినది. కొత్త అద్దముపై మడ్డిపొర యుండును. దానిని టూత్‌పేస్ట్‌తో వ్రేలికొన పెట్టి పలుమార్లు రుద్ది కడుగకున్నచో, ఎంతటి స్వచ్ఛజలమునందైనను మంచు పట్టినట్లే యుండును.

ఊపిరి సమస్యకు పరిష్కారము 1943లో ఫ్రాన్సున లభించెను. యుద్ధకాలమున కారు యంత్రమునకు గ్యాసునందించుటకై ఇంజనీరు ఎమిల్ గాన్యాఁ రూపొందించిన కవాటమును నౌకాధికారి జాక్ కూస్టో తోడ్పాటుతో మునుగువాని నోటికి అమర్చిరి. చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో, అడిగినప్పుడే గాలినిచ్చుట దాని విశేషము. మన తీరమున ఈ విద్య చాలకాలము నౌకాదళమువారి సొత్తుగనే యుండెను. 1971 డిసెంబరులో విశాఖపట్టణము చెంత మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని గుర్తుపట్టుటకు దిగినవారు నౌకాదళపు ఈతగాండ్రే. నేడు ఋషికొండలో సామాన్యులును నేర్చుకొనుచున్నారు.

నేర్చినవాడు వెచ్చని తేటనీటికై పోదగినది అండమాను. 2018లో స్వరాజ్ ద్వీపముగా పేరు మారిన హేవలాక్ చుట్టు నీరు ఇరువదియేడు మొదలు ముప్పది డిగ్రీలవరకు ఉండును. అంత వెచ్చదనమున తొడుగేలయని కొందరందురు. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగ దేహపు వేడిని హరించును. మూడవ మునుకకు పండ్లు పటపటలాడును. మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలును, పగడపు గీతలనుండియు అది కాపాడును. మాస్కు, పాదములకు సరిపడు ఫిన్స్, లోతును కాలమును లెక్కించు డైవ్ కంప్యూటర్, ఒక ఈల — ఇవి స్వంతమైయుండవలెను. రెగ్యులేటర్‌ను ఏటేట విప్పి బాగుచేయించు ఓపికలేనివాడు అద్దెకు తీసికొనుటయే మేలు. సీసపు బరువులు, సిలిండర్ అక్కడనే లభించును. ఖాళీ అల్యూమినియం సిలిండరొకటి పదునాలుగు కిలోలు తూగును, ఇంచుమించు ముత్తెగాని రాయంత. విమానమువారు సామాన్యముగ అనుమతించు మూట పదిహేను కిలోలే.

తిరుగు విమానపు గడియను ముందే చూచుకొని సన్నాహమును వెనుకకు లెక్కించుకొనవలెను. ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమున కరగి, హఠాత్తుగ ఒత్తిడి తగ్గినచో బుడగలై కీళ్లను, నరములను బాధించునని గ్రహించి, శరీరశాస్త్రవేత్త హాల్డేన్ 1908లో మెల్లగ పైకివచ్చు పట్టికలను ప్రకటించెను. అనేక మునుకలు వేసినవాడు తుది మునుకకు పిదప కనీసము పదునెనిమిది గంటలు విమానమెక్కరాదు. ఆ విరామమున సామగ్రిని మంచినీట కడిగి నీడన ఆరబెట్టుకొని, శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వచ్చి స్థిరపడిన తెలుగు జాలరుల పేట, విమానాశ్రయపట్టణమందలి జంగ్లీఘాట్ చూచి రావచ్చును.