విరిగినా చక్రం నిలిచిన ఇరుసు
1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనబడ్డ ల్యాండ్ రోవర్ వంశానికి వెనక హాఫ్ షాఫ్ట్ విరగడం పాత జబ్బు. అయినా ఆ బండి ఎడారుల్లో నమ్మకం సంపాదించిందంటే కారణం, నా దృష్టిలో, ఇరుసు నిర్మాణమే. తర్వాతి సిరీస్ బండ్లలో బరువును ఇరుసు గొట్టం మీది హబ్బు బేరింగులే మోస్తాయి. షాఫ్ట్ పని చక్రాన్ని తిప్పడం వరకే. అందుకే అది విరిగినా చక్రం ఊడదు. ఆరు బోల్టులు విప్పి, షాఫ్ట్ లాగేసి, ముందు చక్రాలకు శక్తిని కలిపే పసుపు గుండీ నొక్కితే, అవే బండిని ఇంటికి లాగుతాయి. లోపల చిక్కిన ముక్కను తీయడమే అసలు తంటా.

మొదటే గట్టి షాఫ్ట్ పెట్టొచ్చు కదా అనవచ్చు. న్యాయమైన మాటే, 1970లలో పొడవాటి బండ్లకు దృఢమైన సాలిస్‌బరీ ఇరుసు వచ్చింది కూడా. కానీ పాత ఇరుసులో షాఫ్ట్ ఒక్కటే బలపడితే దెబ్బ డిఫరెన్షియల్ పళ్ల మీద పడుతుంది. దారి పక్కన దాన్ని బాగుచేయడం ఇంకా కష్టం.