ఆవులింత మర్యాద

రేడియోలో ప్రసంగించువారికి ఒక సౌకర్యము గలదు. శ్రోతలు ఆవులించినను అది వారికి కనబడదు. సభలో మాటలాడువాని గతి అట్టిది కాదు. ముందువరుసలో ఒకరు నోరు తెరచిరా, ఆ ఆవులింత క్షణములో వెనుక వరుసలకు పాకును. వక్త గుండె జారును. "ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. ఒకరి తుమ్ము మరియొకరికి తుమ్ము తెప్పింపదు. ఆవులింత మాత్రము వెంటనే తోడు తెచ్చుకొనును. ఇట్లు పదుగురికి సోకునది గనుకనే దీనికొక మర్యాద ఏర్పడినది. ఆ మర్యాద ఎంత పాతదో, అది నిజముగా మనలను ఏమి కోరుచున్నదో విచారింతము.

మన ఇండ్లలో పెద్దలు ఆవులింత వచ్చినప్పుడు నోటియెదుట చిటిక వేసి "రామ రామ" యనియో "కృష్ణా" యనియో అనుట పలువురు ఎరిగినదే. ఒడిలోని పసిబిడ్డ తానుగా చిటిక వేసికొనలేదు గదా! అందుచే అమ్మమ్మయో నాయనమ్మయో బిడ్డ నోటిముందు చిటికెలు వేయును. తెరచిన నోట చెడుగాలి చొచ్చునని కొందరు, ప్రాణము వెలికి పోవునని కొందరు దీనికి కారణము చెప్పుదురు. ఎడ్వర్డ్ టైలర్ 1871లో ప్రకటించిన 'ప్రిమిటివ్ కల్చర్' అను గ్రంథమున హిందువుల ఈ చిటికను, దానితోడి రామనామమును ప్రత్యేకముగా పేర్కొనెను.

పురాణములలోను ఆవులింతకు చోటు గలదు. సంస్కృత మహాభారతము ఉద్యోగపర్వమున వృత్రాసురుడు ఇంద్రుని మ్రింగగా దేవతలు జృంభికను, అనగా ఆవులింతను, సృజించిరట. వృత్రుడు ఆవులించెను, ఇంద్రుడు ఒడలు ముడుచుకొని బయటపడెను. నాటినుండి ఆవులింత ప్రాణుల నాశ్రయించెనని కథ. భాగవత దశమస్కంధమున, పాలు త్రాగిన చిన్నికృష్ణుడు ఆవులింపగా యశోద ఆ నోట సకల జగత్తును చూచెను. మన్ను తిన్న కథ అందరికిని తెలియును గాని, దానికి ముందే ఈ ఆవులింత కథ యున్నదని ఎరిగినవారు తక్కువ. ఒకచోట దేవరాజునకు విడుదల, ఒకచోట తల్లికి విశ్వదర్శనము! మన పూర్వులు ఆవులింతను హీనముగా తలంపలేదనుటకు ఈ రెండును చాలును.

ఇక శాస్త్రము మాట. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయమున, వచ్చినప్పుడు అణచిపెట్టరాని శరీరవేగములు 13 చెప్పబడినవి. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు, తుమ్ము మున్నగువానితో ఆవులింతయు అందులో నున్నది. దానిని బలవంతముగా ఆపినచో ఒడలు వంగుట, ముడుచుకొనుట, తిమ్మిరి, వణుకు కలుగునని ఆ గ్రంథము చెప్పును. నేటి వైద్యులు దీని నంతను అంగీకరింపకపోవచ్చును. అయితే ఎనిమిదవ అధ్యాయమున సదాచారమును చెప్పుచు, నోరు కప్పుకొనక ఆవులింపరాదు, తుమ్మరాదు, నవ్వరాదు అని అదే గ్రంథము శాసించినది. ఒక అధ్యాయము శరీరము పక్షమున, తరువాతి అధ్యాయము ఎదుటివారి పక్షమున మాటలాడుచున్నవి. ఆపవద్దు, కప్పుకొనుము. ఆవులింత మర్యాద అంతయు ఈ రెండు మాటలలో నున్నది.

తెలుగున ఈ మర్యాదను చెప్పినవాడు తిక్కన సోమయాజి. అజ్ఞాతవాసమునకు బయలుదేరిన పాండవులకు పురోహితుడైన ధౌమ్యుడు రాజసేవ చేయు విధము బోధించును. ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్మివేయుట, ఈ నాలుగును రాజు కొలువున్న చోట గుప్తముగా జరుపుకొనవలెనని విరాటపర్వమున ఆయన మాట. చేయనే రాదని అనలేదు, మరుగున చేయుమన్నాడు. తిక్కన 13వ శతాబ్దమున నెల్లూరిలో మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండినవాడు. కొలువులో గంటలకొలది మెలకువగా నిలుచుట ఎట్టిదో ఆయన ఎరిగియే యుండును.

ఈ మర్యాదలు పలు మతముల రూపమున ఒక్కచోట కలసికొన్న ఊరు మన సికింద్రాబాదు. 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేర వెలసిన ఈ దండు నగరమును జనులు లష్కర్ అనియు పిలుతురు. దండు చుట్టును తెలుగువారు, తమిళులు, ఉర్దూ మాటలాడు ముసల్మానులు, పార్సీలు, ఇంగ్లీషువారు కాపురములు పెట్టిరి. హదీసులలో ఆవులింత షైతాను వలన కలుగునని, దానిని వీలయినంతవరకు అణచుకొని నోటికి చేయి అడ్డము పెట్టవలెనని బోధ యున్నది. ఐరోపాలో ఎరాస్మస్ పండితుడు 1530లో బాలుర మర్యాదను గూర్చి లాటిను భాషలో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఆవులింత ఆగనిచో వస్త్రముతోనో అరచేతితోనో నోరు కప్పుకొని, పిదప నోటిపై సిలువ గురుతు వేసికొమ్మని అందు చెప్పెను. మన చిటికకును రామనామమునకును ఆ చేతికిని సిలువకును ఎంత దగ్గర చుట్టరికము! కారణములు వేరు, దేవుని పేర్లు వేరు. చేయి మాత్రము అందరిదియు నోటికడకే పోయినది.

ఆవులింత విసుగునకు గురుతని మనము వెంటనే నిశ్చయింతుము. అది తొందరపాటు. రక్తమున ప్రాణవాయువు తగ్గుటచే ఆవులింత వచ్చునని చాలకాలము నమ్మిరి. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్, ఆయన సహచరులు 1987లో శుద్ధమైన ప్రాణవాయువును పీల్పించి చూచినను ఆవులింతలు తగ్గలేదు. విసుగు వేళనే గాక, నిద్రకు ముందును, మేలుకొన్న పిదపను ఇది వచ్చును. ఎదుటివాని ఆవులింతను చూచినను, విన్నను, తుదకు దానిని గూర్చి చదివినను వచ్చును. ఈ పుట చదువువారిలో ఎవరైన ఇప్పటికే ఆవులించి యున్నచో మేము నొచ్చుకొనము.

మన ఊరికి 1874లో వాడి నుండి రైలు వచ్చెను. 1966లో ఇది దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రస్థానమయ్యెను. రాత్రి డ్యూటీ లేని వాడ ఇచ్చట అరుదు. రాత్రియంతయు మేలుకొని తెల్లవారి ఇల్లు చేరిన తండ్రి, బడి ముచ్చట చెప్పుచున్న కుమారుని యెదుట ఆవులించును. నాన్నకు నా మాట పట్టదని బిడ్డ మొగము చిన్నబుచ్చుకొనును. ఆవులించుట ఆ తండ్రి తప్పు కాదు. నోటికి చేయి అడ్డము పెట్టుకొని, "చెప్పు నాయనా, వినుచున్నాను" అనుట ఆయన మర్యాద. ఆ కన్నుల ఎరుపు చూచి, "పడుకో నాన్నా, సాయంత్రము చెప్పెదను" అనుట బిడ్డకు మనము నేర్పవలసిన మర్యాద. చేయి అడ్డము పెట్టుట పూర్వులు మనకు చక్కగా నేర్పిరి. ఎదుటివాని అలసటను అవమానముగా ఎంచకుండుట మనము ఇంకను నేర్వవలసి యున్నది.