గాయపడ్డ జంతువు ఎవరి సొత్తు?

మహాభారతం వనపర్వంలో ఒకే పందికి రెండు బాణాలు తగులుతాయి. ఒకటి అర్జునుడిది, రెండోది కిరాతుడి వేషంలో వచ్చిన శివుడిది. వేట నాదంటే నాదని ఇద్దరూ కలబడతారు. ఆ తగవు పాశుపతాస్త్రంతో సుఖాంతమైంది. మామూలు వేటగాళ్ల తగవులు తీర్చడానికి మాత్రం చట్టాలు కావలసివచ్చాయి.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఈ సంగతిని ఒక్క మాటలో తేల్చేసింది: పొలం అడవి కొట్టినవాడిది, లేడి బాణం నాటినవాడిది. నిజానికి అక్కడి చర్చ బిడ్డ ఎవరికి చెందుతాడన్నది. అందరికీ తెలిసిన కట్టుబాటు కాబట్టే వేటను పోలికగా తెచ్చి ఉంటారు.

రోమన్లకు విషయం అంత తేలిగ్గా తెగలేదు. క్రీ.పూ. 1వ శతాబ్దపు న్యాయవేత్త ట్రెబాటియస్, గాయపరిచినవాడు తరుముతున్నంతసేపూ జంతువు అతనిదేనన్నాడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి న్యాయగ్రంథం దీన్ని కాదంది. చేతికి చిక్కేలోపు ఏమైనా జరగవచ్చు కనుక, పట్టుకున్నవాడిదే సొత్తు అని తేల్చింది. 643 నాటి లంబార్డు రాజు రోథారి శాసనం మధ్యేమార్గం పట్టింది: కొట్టినవాడి హక్కు ఒక పగలూ ఒక రాత్రీ నిలుస్తుంది, ఆపైన చెల్లదు.

1805లో న్యూయార్క్ కోర్టుకు ఒక నక్క వ్యాజ్యం వచ్చింది. పోస్ట్ కుక్కలతో తరుముతున్న నక్కను పియర్సన్ మధ్యలో చంపి పట్టుకుపోయాడు. ఊరికే తరిమితే హక్కు రాదని మెజారిటీ తీర్పు. ప్రాణాంతకంగా గాయపరిచి, వెంటాడటం మానకపోతే మాత్రం అది స్వాధీనం కిందికి రావచ్చని ఆ తీర్పే అంది. ఈ మాట వేటగాళ్లనే అడగాల్సిందని లివింగ్‌స్టన్ అనే జడ్జి విడిగా రాశాడు.

సముద్రం మీద ఆ పనే జరిగింది. మసాచుసెట్స్ తీరంలో ఫిన్‌బ్యాక్ తిమింగలాన్ని కొడితే అది మునిగిపోయి, ఒకటి నుంచి మూడు రోజుల్లో పైకి తేలేది. తాడు కట్టి ఆపడం కుదరదు. అందుకని ఎవరి ఈటె మీద వారి గుర్తు ఉండేది. ఒడ్డున దాన్ని కనుగొన్నవాడు కబురుపెట్టి కొంత సొమ్ము తీసుకోవడం ఆచారం. 1880లో ఒకతను కబురు పెట్టకుండా వేలం వేసేశాడు. మరుసటి ఏడు కోర్టు ఆచారాన్నే నిలబెట్టి, తిమింగలం గుర్తున్న ఈటెవాడిదేనంది.

నేడు అమెరికాలో చంపిన జింకకు కట్టే ట్యాగు ఆ ఈటె గుర్తును తలపిస్తుంది. అయితే ట్యాగు ముఖ్యంగా లెక్క చెబుతుంది: ఒక ట్యాగుకు ఒకే జంతువు. అలాస్కాలో కొన్నిచోట్ల ఎలుగును గాయపరిస్తే, అది దొరక్కపోయినా వేటగాడి కోటాలో పడుతుంది. ఒకప్పుడు హక్కు తెచ్చిన గాయమే ఇక్కడ ఖర్చు రాస్తోంది.

మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. గాయపరచడమూ వేటే. అనుమతితో కాల్చిన జంతువు కూడా 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. పంటను తొక్కిన అడవిపందిని ఇవాళ ఎవరు అనుమతి తెచ్చుకుని కొట్టినా, బాణం ముందు ఎవరిది తగిలిందన్న ప్రశ్న అక్కర్లేదు. పంది ఇద్దరిదీ కాదు.