షుగరు ఉన్న పిల్లి దత్తత, సంరక్షణ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

పిల్లులకు వచ్చే మధుమేహం చాలావరకు మనుషుల్లో కనిపించే రెండో రకం మధుమేహం లాంటిదే. మొదట్లో క్లోమం ఇన్సులిన్ తయారుచేస్తున్నా ఒంటికి అది పట్టదు. తర్వాత క్లోమంలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని ఆ తయారీ కూడా తగ్గిపోతుంది. ఏడెనిమిదేళ్లు దాటినవి, ఒళ్లు చేసినవి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన మగపిల్లులు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవి దీని బారిన ఎక్కువగా పడతాయి. ఇలాంటి పిల్లిని తెచ్చుకోవాలంటే చాలామంది జంకేది జబ్బుకు కాదు, రోజుకు రెండు సూదులన్న మాటకు. నిజానికి ఇన్సులిన్ సూది సన్నగా ఉంటుంది, తింటూ ఉన్న పిల్లి తరచు గమనించను కూడా గమనించదు. ఆ సూది వేళ తప్పకుండా చూసే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న.

గుర్తించడం

నీళ్లు విపరీతంగా తాగడం, మూత్రం ఎక్కువగా పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం ముఖ్య లక్షణాలు. మూత్రం పోసిన చోట చీమలు పట్టడం మన పల్లెల్లో పాతకాలం నుంచీ తెలిసిన ఆనవాలే. జబ్బు ముదిరితే నరాలు దెబ్బతిని, వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. మునివేళ్ల మీద నడిచే జంతువు అలా చతికిలబడినట్టు నడుస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు.

అయితే దాహం ఒక్కటే చూసి షుగరు అనేయడానికి లేదు. మూత్రపిండాల జబ్బులోనూ, థైరాయిడ్ ఎక్కువైనప్పుడూ ఇలాగే ఉంటుంది. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం వాళ్లకు క్రియాటినిన్ పరీక్ష గురించి చెప్పనక్కర్లేదు; ముసలి పిల్లికీ ఆ పరీక్ష చేయించాలి. ఇంకో చిక్కు: భయపడిన పిల్లికి చక్కెర దానంతటదే పెరుగుతుంది. బుట్టలో పెట్టి ఆర్టీసీ బస్సులో కుదుపుకుంటూ తెచ్చిన పిల్లికి జబ్బు లేకపోయినా 300 మిల్లీగ్రాములు దాటి చూపించవచ్చు. అందుకే మూత్రంలో చక్కెర, గడిచిన వారం రెండు వారాల సగటు తెలిపే ఫ్రక్టోసమిన్ కూడా చూసి నిర్ధారిస్తారు.

మన పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు. పిల్లిని తీసుకెళ్లే ముందే ఫోను చేసి, ఇన్సులిన్ వైద్యం చూస్తారో లేదో కనుక్కోవడం మంచిది. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. అంతకు మించిన అవసరమైతే విశాఖపట్నమే దిక్కు. ఇచ్ఛాపురం నుంచి అది 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణం కాబట్టి అత్యవసరంలో ఎవరికి ఫోను చేయాలో పిల్లి ఇంటికి రాకముందే తేల్చుకోవాలి.

ఇన్సులిన్, సిరంజి

పిల్లికి మామూలుగా 12 గంటలకోసారి, మేత పెట్టాక, చర్మం కింద ఇన్సులిన్ ఇస్తారు. మోతాదు చాలా చిన్నది: తరచు పూటకు ఒక యూనిట్‌తో మొదలవుతుంది. పెంచినా తగ్గించినా డాక్టరే చేయాలి. ఎక్కువగా వాడేది గ్లార్జిన్. అది మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది.

మన దేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరిగే అవకాశం ఉంది. మనుషులకు అమ్మే ఇన్సులిన్ సీసాల్లో కొన్ని మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. సిరంజిలూ వేరువేరు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు తీస్తే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల జంతువుకు అది ప్రాణం మీదికి తెస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతి కొత్త సీసాకూ చూడాలి. సూది పడిందో లేదో అనుమానం వస్తే మళ్లీ పొడవకూడదు. ఒక పూట తప్పితే నష్టం తక్కువ, రెండుసార్లు పడితే ఎక్కువ. మేత ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా ఇన్సులిన్ ఇచ్చే ముందు డాక్టరును అడగాలి.

చక్కెర మరీ పడిపోతే పిల్లి తూలుతుంది, నీరసించి పడిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాసి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే షుగరు మాత్రలు పిల్లికి వేయకూడదు. అమెరికాలో 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రకు పిల్లుల కోసం అనుమతి వచ్చింది గానీ, అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకు అది పనికిరాదు.

తుపాను రోజుల్లో

తెరవని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకడితే మందు పాడైపోతుంది, కాబట్టి ఫ్రీజరు అరకు దూరంగా పెట్టాలి. తెరిచిన గ్లార్జిన్ 30 డిగ్రీలు దాటకుంటే 28 రోజులు బయట కూడా నిలుస్తుంది. ఈ తీరంలో ఇది తెలిసి ఉండాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు కరెంటు లేక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు పనికొచ్చేది మట్టికుండ. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, మూత బిగించిన పొడి డబ్బాలో సీసా పెట్టి లోపల ఉంచుతారు. గాలి ఆడే నీడలో పెట్టాలి. ఎండాకాలం బొబ్బిలి, చీపురుపల్లి వైపు పొడిగాలికి ఇది బాగా చల్లబడుతుంది. తీరంలో తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లబడదు. అక్టోబరు రాకముందే ఒక సీసా, సిరంజిలు అదనంగా కొనిపెట్టుకోవడం ఆ పిల్లి పట్ల కనీస బాధ్యత.

మేత

పిల్లి మాంసాహారి. పాలన్నం, చేపల పులుసు కలిపిన అన్నం షుగరు ఉన్న పిల్లికి తగవు. పిండిపదార్థం తగ్గితేనే ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి కూర ముక్క కడిగిపెట్టినా సరిపోదు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం మేలు. కళింగపట్నం, భావనపాడు రేవుల్లో దొరికే కవళ్లు, నెత్తళ్లు ఉడికించి అప్పుడప్పుడు పెట్టవచ్చు. పచ్చివి పెడితే వాటిలోని ఎంజైము బి1 విటమిన్ అయిన థయామిన్‌ను నాశనం చేస్తుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. వట్టి మాంసంతోనే గడిపితే కాల్షియం, టారిన్ లోపిస్తాయి, అందుకే పిల్లుల కోసమే తయారైన తడి మేత ప్రధానంగా ఉండాలి. లావు తగ్గించాలని పస్తు పెట్టకూడదు: రెండు మూడు రోజులు తినని పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం వస్తుంది.

దత్తత, కోలుకోవడం

దత్తతకిచ్చేవాళ్ల దగ్గర ఇన్సులిన్ పేరు, మోతాదు, సూది వేళలు, చివరి పరీక్షల కాగితాలు తీసుకోవాలి. మేత, మందు వేళలను మొదటి వారాల్లో మార్చకూడదు. కొత్త ఇంటి బెదురుకు చక్కెర పెరిగిందని వెంటనే మోతాదు పెంచకూడదు. చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోమీటరుతో చూడటం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను కాస్త తక్కువగా చూపిస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

మనుషుల్లో అరుదైనది పిల్లుల్లో తరచు జరుగుతుంది: కొన్నిటికి ఇన్సులిన్ సూదుల అవసరమే పూర్తిగా తీరిపోతుంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో 55 పిల్లులకు ఇంట్లోనే పరీక్షలు చేస్తూ గ్లార్జిన్ ఇచ్చారు. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపు గట్టి నియంత్రణ మొదలైనవాటిలో 84 శాతం ఇన్సులిన్ అవసరం లేని స్థితికి వచ్చాయి. ఆలస్యమైనవాటిలో 35 శాతమే. అలా కోలుకున్న పిల్లికి కూడా పాలన్నం మళ్లీ మొదలుపెట్టకూడదు, బరువు నెలనెలా చూడాలి, దురదకో దగ్గుకో స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయబోయే డాక్టరుకు దాని షుగరు సంగతి ముందే చెప్పాలి.