కృష్ణ ఒడ్డున సుంకం

పొందుగుల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి. ఇవాళ లారీ డ్రైవరు పాట వింటూ వంతెన దాటేస్తాడు. 1947 ఆగస్టు 15న మాత్రం పల్నాటి ఒడ్డు స్వతంత్ర భారతం, ఆవలి ఒడ్డు నైజాం. అక్కడ ప్రభువు వేరు, రూపాయి వేరు, సుంకం వేరు.

హైదరాబాదు సంస్థానానికి సముద్రం లేదు. ఉప్పు దగ్గర్నుంచి ఓడ సరుకు దాకా పరాయి నేల మీదుగా రావలసిందే. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వర్తక ఒప్పందంలో సరుకు విలువ మీద నూటికి ఐదు సుంకమని రాసుకున్నారు. వసూలు చేసే శాఖ కరోడ్గిరి. ఇక డబ్బు సంగతి: మన వైపు రూపాయి కల్దారు వందకు, అటు వైపు రూపాయి హాలీ సిక్కా 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఆరుకు ఏడన్నమాట. ఈ భిన్నాల లెక్కలో చదువురాని రైతు గెలిచి ఉంటాడని నేననుకోను.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. సుంకం పోలేదు. 1950 నాటి రాజ్యాంగం 301వ అధికరణంలో దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలంది. అదే రాజ్యాంగం 306వ అధికరణంలో, హైదరాబాదు వంటి రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుంటే పదేళ్లకు మించకుండా సరిహద్దు సుంకం వసూలు చేసుకోవచ్చంది. ఒక్కసారిగా ఆపితే వాటి ఖజానాకు గండి పడుతుందని భయం. అమెరికాలోనూ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాష్ట్రాలు ఒకదాని సరుకుపై మరొకటి పన్నులేశాయి. ఆ చిక్కు విప్పడానికి 1786లో అనాపొలిస్‌లో ఐదు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుంటే, మరుసటి ఏడు రాజ్యాంగమే తయారైంది. మన దగ్గర రాజ్యాంగం ముందొచ్చింది, సుంకం గోడ తర్వాత కూలింది. 306ను 1956లో తీసేశారు. హాలీ సిక్కా చెలామణి 1959తో ముగిసింది.

రెండు ఒడ్డుల ప్రభుత్వాలూ నిజంగా చేతులు కలిపింది నీళ్ల కోసం. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేసినప్పుడు కుడిగట్టు ఆంధ్ర రాష్ట్రం, ఎడమగట్టు హైదరాబాదు రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది మరో పదకొండు నెలలకు. పటం కలవకముందే పని కలిసింది. ఆనాటి నాయకుల ఘనతల్లో దీన్నే నేను పెద్దగా చూస్తాను.

2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో కృష్ణ మళ్లీ సరిహద్దయింది. చెక్‌పోస్టులు లేచాయి. 2017 జులై 1న జీఎస్టీతో వాటిలో పన్ను పని పోయింది. నీళ్ల తగువు మాత్రం పోలేదు. 2023 నవంబరు 30న సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురయ్యారు, ఆఖరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాయాల్సి వచ్చింది.

దాచేపల్లి, పొందుగుల, మాచర్ల వైపు పాత ఇళ్లలో కరోడ్గిరి రసీదులో, హాలీ లెక్కల ఖాతా పుస్తకాలో ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. కనీసం ఫోటో తీసి ఉంచండి.