గ్యారంటీ అంటే ఏంది? మౌలాలి రైలు పట్టాల కాడి నుంచి మన బడ్జెట్ దాకా

ఇయ్యాల కొంచెం పెద్ద పోస్టే రాస్తున్న. తీరిక చేసుకొని సదవండి.

జనగామ, భువనగిరి దిక్కు నుంచి సికింద్రాబాద్‌కు రైల్ల పోయేటోళ్లకు ఘట్‌కేసర్, చర్లపల్లి దాటినంక మౌలాలి వస్తది. గుట్ట మీది దర్గా అందరికీ ఎరుకే. గుట్ట కింద పట్టాల కథ మాత్రం చాలా మందికి తెల్వదు. అది సర్కారు ఖజానా కథ. బడ్జెట్ వచ్చిన రోజు మనం "రైతుకు ఎంత రాసిన్రు" అని చూస్తం. దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఖజానా తలుపు తీయంగనే మొదట ఎవరికి ఇస్తరు? ఎవరిని ఆగమంటరు?

ముందు 1853 సంగతి చెప్తా. మౌలాలికి దగ్గర్లనే ఉన్న బొల్లారంల హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక ఫౌజు ఉండేది. అధికారం ఇంగ్లీషోళ్లది, జీతాలు మాత్రం నిజాం కట్టాలె. ఆ జీతాల బాకీ పెరిగి పెరిగి, చివరికి పత్తి పండే బేరారు మొత్తం ఇంగ్లీషోళ్ల చేతుల పెట్టాల్సి వచ్చింది. నీళ్లకో కరువుకో ఖర్చు పెట్టి పోయిన నేల కాదది. ఫౌజు జీతం కింద పోయింది.

అదే ఏడు 24 ఏండ్ల సాలార్‌జంగ్ దివాన్ అయిండు. అప్పటికి ఖజానా ఖాళీ. సర్కారుకు అప్పిచ్చిన షావుకార్లు, అరబ్బు జమేదార్లు తాలూకాలను తమ చేతుల పెట్టుకొని రైతు కాడ వసూలు చేసుకునేటోళ్లు. అప్పు సర్కారుది, తిప్పలు రైతువి. సాలార్‌జంగ్ ఆ తాలూకాలు ఒక్కటొక్కటే విడిపించి, 1865ల జిలాబందీ పెట్టి, జీతాల మీద పనిచేసే అధికారులను జిల్లాలకు పంపిండు. ఇయ్యాల మనం అనే జిల్లా, తహసీల్ లెక్కలకు పునాది అక్కడ పడ్డది. ఆఖరికి లెక్క అనేది ఒకటి రాతలకు వచ్చింది.

ఇప్పుడు పట్టాల కాడికి వద్దాం. 1874ల సికింద్రాబాద్ నుంచి వాడి దాకా మొదటి లైను పడ్డది. దాన్ని తూర్పు దిక్కు పొడిగించాలని 1883ల లండన్ కంపెనీతోని ఒప్పందం చేసుకున్నరు. ఆ ఏడే సాలార్‌జంగ్ చనిపోయిండు, ఆరో నిజాం ఇంకా మైనరు. ఒప్పందంల అసలు మాట ఏందంటే, కంపెనీ పెట్టుబడి మీద 20 ఏండ్లు నూటికి 5 రూపాయల వడ్డీకి నిజాం సర్కారు పూచీ. రైలుకు ఆమ్దానీ తక్కువైతే ఆ లోటు ఖజానా నింపాలె. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేర్లనే గ్యారంటీ ఉన్నది. మౌలాలి మీదుగ పోయే ఈ లైనే 1886కు వరంగల్, 1889కి బెజవాడ చేరింది.

ఈ పథకాన్ని ప్రశ్నించినోళ్లు లేరా అంటే ఉన్నరు. హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, అంటే సరోజినీ నాయుడు తండ్రి, ఈ చాందా రైల్వే పథకాన్ని విమర్శించిండు. ఆయనను 1883ల రాజ్యం దాటించిన్రు. ప్రజల పైసల లెక్క అడిగినందుకు దొరికిన ఇనాం అది.

రైలు దండుగ అని నేను అంటలేను. బొగ్గు కదిలింది, ధాన్యం కదిలింది, మనం గూడ ఎక్కుతున్నం. నేను చెప్పేది గ్యారంటీ గురించి. వానలు పడ్డా పడకున్నా కంపెనీ వాటాదారుకు 5 రూపాయలు రాతపూర్వకంగ ఖాయం. శిస్తు కట్టే రైతుకు ఏది ఖాయం?

తర్వాత అక్బర్ హైదరీ ఆర్థిక శాఖ చూసిన కాలంల, 1920ల నుంచి, పద్ధతి కొంత మారింది. ఒక్కో శాఖకు మూడేండ్లకు ఇంత అని ముందే కట్టిన్రు. కరువు కోసం వేరే నిధి పక్కన పెట్టిన్రు. అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగ 1923ల మంజీర మీద నిజాంసాగర్ మొదలుపెట్టి 1931కి పూర్తి చేసిన్రు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లని కట్టిన ప్రాజెక్టు అది. 1930ల రైల్వేను కంపెనీ నుంచి సర్కారే కొనేసింది. రాజు పాలనలనే, ఓటు లేని కాలంలనే, కరువుకు ముందుగాల పైస తీసిపెట్టచ్చని రుజువైంది.

ఇప్పుడు మన కాలం. తెలంగాణ మొదటి బడ్జెట్ 2014 నవంబర్ల 1,00,637 కోట్లు. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అందుల వ్యవసాయానికి 24,439 కోట్లు, నీటిపారుదలకు 23,373 కోట్లు రాసిన్రు. అంకెలు పెద్దవే. కాని రాసుడు వేరు, ఇచ్చుడు వేరు. 2019-20 బడ్జెట్ల రుణమాఫీకి 6,000 కోట్లు రాసిన్రు. మొదటి విడత వచ్చింది 2020 మేల, అదీ 25 వేల లోపు అప్పులకే. లక్ష దాకా మాఫీ 2023 దాకా సాగింది. ఈ లోపల బ్యాంకు వడ్డీ ఆగిందా? ఆగలే.

తర్వాతి సర్కారు ఆరు గ్యారంటీలని వచ్చింది. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 15,000, కౌలు రైతుకు గూడ అన్నరు. 2025 జనవరి నుంచి ఇచ్చింది 12,000, అదీ పట్టాదారుకు. కౌలుకు చేసి నష్టపోయేటోడు అంతకుముందు రైతుబంధుల లేడు, ఇప్పుడూ లేడు. ఏ పార్టీని తిట్టనీకి రాస్తలేను. మనకిచ్చిన గ్యారంటీకి, లండన్ కంపెనీకి ఇచ్చిన గ్యారంటీకి తేడా చూడుండ్రి. వాళ్లది ఒప్పందం, మనది మీటింగుల మాట. అప్పుల మీద వడ్డీ, జీతాలు, పింఛన్లు తప్పకుండ కట్టాల్సినవి. అవి పోయినంక మిగిలిన దాంట్ల మన వంతు.

అందుకని ఒక పని చేద్దాం. బడ్జెట్ పుస్తకంల పక్కపక్కన మూడు లెక్కలుంటయి. వచ్చే ఏటి అంచనా, నడుస్తున్న ఏటి సవరించిన అంచనా, అంతకుముందు ఏడు నిజంగ పెట్టిన ఖర్చు. టీవీల మొదటిదే చెప్తరు. మనం మూడోది చూడాలె. పోయిన ఏండ్లల్ల రాసినంత ఖర్చు పెట్టిన్రా లేదా అక్కడ తెలుస్తది. ఊర్లె సదువుకున్న పిల్లలకు చెప్తే ఫోన్లనే తీసి సూపిస్తరు.

ఓటు అడగనీకి వచ్చిన నాయకుణ్ణి "ఎంత ఇస్తవు" అని మాత్రమే అడగకుండ్రి. "పోయినసారి రాసిన దాంట్ల ఎంత ఇచ్చిన్రు, కౌలు రైతు పేరు ఏ పద్దుల ఉన్నది" అని అడుగుండ్రి. అఘోరనాథ్ కాలంల అట్ల అడిగితే ఊరు దాటించిన్రు. ఇప్పుడు మనల్ని దాటించేటోడు ఎవడూ లేడు. అడగకపోతే తప్పు మనదే.